మూడో వరుస తరవాత

ఆ సాయంత్రం మా భోజనాల గదిలో హాజరైనవారు, కూర్చున్న వరుసలో, వీరు: కిటికీ వైపు కుర్చీలో నేను, నా కుడిపక్క నా శ్రీమతి, ఎదురుగా మా అబ్బాయి, అతని పక్కన మా కోడలు, బల్ల చివర, తడిసిన గొడుగును కుర్చీ వీపుకు తగిలించుకుని, మా కోడలు పనిచేసే గణిత విభాగానికి అధిపతి. ఎండ కాసినా వాన కురిసినా గొడుగు వదలని మనిషి గనుక మా ఇంట్లో ఆయన పేరు గొడుగాయన. ఎదుట మాత్రం హెడ్డుగారు.

హాజరు ముందుగా నమోదు చేయడం నాకు వృత్తి నేర్పిన అలవాటు. పదవీ విరమణ చేసేవరకు నేను అదే విశ్వవిద్యాలయంలో పరీక్షల నియంత్రణాధికారిని. ఎవరు ఎక్కడ కూర్చున్నారో తెలియని చోట ఎవరు ఏమి రాశారో తేల్చడం ఎవరి తరమూ కాదు.

హెడ్డుగారు సంచిలోంచి ముందు యాపిల్ పళ్లు తీశారు, తరువాత కాగితాల కట్ట తీశారు. టర్ము మధ్యలో విద్యార్థులు తమ అధ్యాపకుల గురించి నింపి ఇచ్చే పత్రాలవి. అందరూ వాటిని ఫీడ్‌బ్యాక్ ఫారాలంటారు. నేను మాత్రం అభిప్రాయ పత్రాలంటాను, ఎందుకంటే వాటిని రూపొందించినవాణ్ని నేనే. ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేసే కొన్ని ప్రశ్నలు, వాటి కింద ఒక గడి, గడిలో మూడు గీతలు. అడుగున ఒక వాక్యం: గడి వెలుపల రాసినది పరిగణించబడదు. ఆ వాక్యమూ నాదే. అంతకుముందు విద్యార్థులు పాఠం గురించి చెప్పమంటే ఫ్యాన్ల గురించీ, క్యాంటీన్ గురించీ, తమ మనోవ్యథల గురించీ పేజీలకు పేజీలు రాసేవారు. చెప్పదలచినది మూడు గీతల్లో పట్టకపోతే చెప్పేవాడికే అది స్పష్టంగా లేదన్నది నా అభిప్రాయం.

"కోడలుగారు దంచేశారు సార్!" అన్నారు హెడ్డుగారు. "అయిదు, అయిదు, అయిదు. తిప్పిన ప్రతి కాగితం మీదా అయిదే. న్యూమరికల్ మెథడ్స్ అంటేనే ఇంజనీరింగు పిల్లలు పారిపోతారు, అలాంటి సబ్జెక్టుకి ఈ మార్కులేమిటో నాకే నమ్మకం కుదరట్లేదు."

"మరి ఉద్యోగం ఖాయమైనట్టేనా అండీ?" అని నా శ్రీమతి సూటిగా అసలు సంగతిలోకి దిగింది.

ఆ ప్రశ్న మా అందరిదీ. మా కోడలు కొన్నేళ్లుగా అక్కడ తాత్కాలిక అధ్యాపకురాలు. ప్రతి టర్ముకీ కొత్తగా సంతకం, ప్రతి టర్ముకీ కొత్తగా భయం. ఆ వర్షాకాలపు టర్ము చివర ఒక కమిటీ కూర్చుని ఆ ఉద్యోగాన్ని ఆమెకే శాశ్వతం చేయడమో, మరొకరిని తీసుకోవడమో తేల్చాలి. కమిటీ బల్ల మీదికి వెళ్లేది టర్ము ఆఖరున మళ్లీ నింపే అభిప్రాయ పత్రాలు.

"ఇవే మార్కులు ఆఖర్న కూడా వస్తే కమిటీకి మాట్లాడ్డానికేం ఉండదమ్మా. టీ తాగి సంతకాలు పెట్టడమే," అన్నారు హెడ్డుగారు. అని, ఏదో గుర్తొచ్చి నవ్వారు. "ఒక్కడు తప్ప. ఎవడో ఆకతాయి. మార్కులెయ్యరా అంటే మనకే ప్రశ్న వేశాడు. 'మూడో వరుస తరవాత ఏమవుతుంది?' అంట. అంతే. ఇంకేం రాయలేదు."

మా అబ్బాయి నవ్వాడు, నా శ్రీమతి నవ్వింది, మర్యాద కొద్దీ నేనూ నవ్వాను. కోడలు నవ్వలేదు. యాపిల్ ముక్క పళ్లెంలో పెట్టేసి చెయ్యి చాచింది.

"ఆ కాగితం ఒకసారి ఇస్తారా సార్?"

"దాన్ని పట్టించుకోకమ్మా. అంత మంచి కుప్పలో ఒక తాలు గింజ."

"ఇవ్వండి సార్."

ఇచ్చారు. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. నాకు చెయ్యి దురద పెట్టింది. దొంగ రాతల్ని చేతిరాతను బట్టి పట్టుకోవడంలో నాకు గట్టి పేరుండేది.

"ఇలా పట్రా అమ్మాయ్. హాజరు పట్టీలో సంతకాలు పక్కన పెట్టి చూస్తే ఎవరో చెప్పేస్తాను."

"వద్దు మామయ్యగారూ," అంది, కాగితాన్ని బోర్లా తిప్పి. "ఎవరో నాకక్కర్లేదు. ఏమిటో కావాలి."

ఆ టర్మంతా నేనా మాటకు కట్టుబడే ఉన్నాను. అంత తేలికైన పనేమీ కాదు.

మరునాడు ఆమె చెప్పులు తొడుక్కుంటుండగా అడిగాను. గణితంలో నేను అతి సామాన్యుణ్ని. లక్షల మంది మార్కులు ప్రకటించినవాణ్నే గాని, ఆ మార్కులు దేనికి వచ్చాయో తెలుసుకునే తీరిక నాకెప్పుడూ లేదు.

"వరుస అంటే ఏమిటి అమ్మాయ్?"

"కొన్ని సమీకరణాలకి జవాబు సూటిగా దొరకదు మామయ్యగారూ. అప్పుడు ఏదో ఒక అంచనా వేసుకుని మొదలుపెడతాం. దాన్ని సవరిస్తాం. వచ్చినదాన్ని మళ్లీ సవరిస్తాం. స్నానానికి వేణ్నీళ్లలో చన్నీళ్లు కలుపుకున్నట్టు. చెయ్యి పెట్టి చూస్తాం, కాలుతుంటే ఇంకాసిని చన్నీళ్లు పోస్తాం, మళ్లీ చెయ్యి పెడతాం. చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఒక వరుస."

"ఎన్ని వరుసలకు కుదురుతుంది?"

"నా బోర్డు మీద మూడింటికి కుదురుతుంది."

"బోర్డు మీద కాకపోతే?"

ఆ ప్రశ్న తనను ఎవరో అంతకుముందే అడిగినట్టు ఆమె ఒక్క క్షణం నిలబడి, వానలోకి వెళ్లిపోయింది.

నేను హెడ్డుగారికి అర్జీ రాశాను: ఫలానా తరగతిలో వెనక బెంచీలో సందర్శకుడిగా కూర్చోవడానికి అనుమతి కోరుతున్నాను. ఆయన ఫోను చేసి, "మీకు అనుమతేమిటి సార్, మీరొస్తానంటే మేం వద్దంటామా!" అని నొచ్చుకున్నారు. అనుమతి లేకుండా కూర్చున్నవారిని నేను నా హయాంలో బయటికి పంపించాననీ, కాబట్టి కాగితం మీద సంతకం కావాలనీ చెప్పాను. సంతకం చేసి పంపారు.

తరగతి గది నడవా చివర ఉంది. గోడ మీద పొడవాటి మంచి నల్లబోర్డు ఉండేదట, కాని ఇప్పుడు అందులో సగానికి పైగా ఒక తెల్లని తెర కప్పేసింది. దాని మీద బొమ్మలు చూపించే యంత్రం మరమ్మతుకు వెళ్లి తిరిగి రాలేదు. తెర చుట్టే కమ్మీ తుప్పుపట్టి, పైకి లేవడం మానేసింది. మిగిలిన బోర్డు మీద పైన ఒక సూత్రం, కింద మూడు వరుసలు, అంతే పడతాయి. నా పక్కన కూర్చున్న కుర్రాడు ఎంత పొడవంటే, వాణ్ని అందరూ దీపస్తంభం అని పిలుస్తారని అయిదు నిమిషాల్లో నాకు తెలిసిపోయింది. ముందు బెంచీలో ఒక చురుకైన అమ్మాయి, క్లాసు లీడరు. మా కోడలి కంటే గట్టిగా ఆవిడే అందరినీ కూర్చోమంది.

పాఠం బాగా జరిగింది. మా కోడలి గొంతు స్పష్టంగా ఉంటుంది, దస్తూరి ఇంకా స్పష్టంగా ఉంటుంది. సూత్రం రాసింది. అంచనా రాసింది. మొదటి వరుస, రెండో వరుస. మూడో వరుసలో చివరి అంకె వేస్తోంది. అప్పుడు వినిపించింది ఆ చప్పుడు.

టప్. టప్. టప్ టప్ టప్.

పెన్నులకు మూతలు పెడుతున్నారు. ఒకరు కాదు ఇద్దరు కాదు, గదంతా. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. పరీక్ష హాల్లో ఆఖరి గంట మోగిన తరువాత వినిపిస్తుందది. ఇక్కడ గంట మోగలేదు. మా కోడలు "అయిపోయింది" అనలేదు. సుద్దముక్క ఇంకా బోర్డును ఆనుకునే ఉంది.

"అయిపోయిందని నీకెలా తెలిసింది బాబూ?" అని దీపస్తంభాన్ని మెల్లగా అడిగాను.

"మూడోది వచ్చేసింది కదా తాతగారూ."

"వస్తే?"

"వస్తే అయిపోయినట్టే."

"నాలుగోది ఉండదా?"

వాడు నన్ను చూశాడు. బోర్డును చూశాడు. పాపం పెద్దాయన అనుకున్నాడో ఏమో, చాలా ఓపిగ్గా, "చోటేదీ?" అన్నాడు.

ఇంటికి వస్తూ దారిలో ఒకే గొడుగు కింద ఈ సంగతి చెప్పాను. ఆమె నడుస్తున్నదల్లా ఆగిపోయింది. గొడుగు నా చేతిలో ఉండడం వల్ల, నేను నడిచిన రెండడుగుల మేరా ఆమె తడిసింది.

"నేను చెప్పకముందే మూతలు పెట్టేశారా?"

"నువ్వు సుద్ద ఎత్తకముందే."

"నేను అటు తిరిగి ఉంటాను కదా మామయ్యగారూ. బోర్డు మీద సుద్ద చప్పుడులో ఎప్పుడూ వినపడలేదు." తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని తనలో తానే అనుకున్నట్టు చెప్పుకుపోయింది. "ఆ తెర వల్ల నేను మూడు వరుసల్లో కుదిరే లెక్కలే ఏరుకుంటున్నాను. నాలుగోదానికి బోర్డు తుడవాలి, తుడిస్తే వెనకవాళ్లు గోల పెడతారు. నాకంటే ముందు చెప్పినవాళ్లూ అంతే చేశారు, వాళ్ల లెక్కలే నాకిచ్చి వెళ్లారు. అన్నీ మూడింటికి చక్కగా వచ్చి ఆగిపోతాయి. పిల్లలకి హాయి. అందుకే అయిదుకి అయిదు వేశారు."

"వేస్తే తప్పేముంది?"

"తప్పుందో లేదో రేపు చూడాలి," అంది. కళ్లు మాత్రం భయంతో కాక, పిడుగు ఎక్కడ పడిందో చూడ్డానికి కిటికీలోంచి తల బయటపెట్టిన పిల్లలా వెలుగుతున్నాయి. ఆ వెలుగు నాకు నచ్చింది. అది మంచిదో కాదో అప్పుడు తెలియలేదు.

మరునాడు నా అనుమతి పత్రం జేబులో పెట్టుకుని మళ్లీ వెళ్లాను. ఆమె ఒక సమీకరణం రాసింది. నాకు అర్థమయ్యేలా చెబితే, ఆ లెక్క ఇది: ఒక సంఖ్య ఉంది, దాన్ని దానితోనే రెండుసార్లు గుణించి, అందులోంచి ఆ సంఖ్యకు రెట్టింపు తీసేసి, రెండు కలిపితే సున్నా రావాలి, ఆ సంఖ్య ఏది? సున్నాను అంచనాగా పెట్టుకుని మొదలుపెట్టమంది. "ఇవాళ మీరే చెయ్యండి. నేను రాస్తాను."

మొదటి వరుసలో ఒకటి వచ్చింది. రెండో వరుసలో సున్నా వచ్చింది. మూడో వరుసలో మళ్లీ ఒకటి వచ్చింది.

టప్ టప్ టప్.

ఈసారి ఆమె విన్నది. వెనక్కి తిరిగి నిలబడి విన్నది.

"జవాబు?"

"ఒకటి మేడమ్," అంది లీడరు. గదంతా తలూపింది.

"ఖాయమేనా?"

"దశాంశాలు కూడా లేవు మేడమ్! ఇంత నీటుగా ఎప్పుడూ రాలేదు."

"అయితే ఆ ఒకటిని తీసుకెళ్లి సమీకరణంలో పెట్టి చూడండి."

మూతలు మళ్లీ తెరుచుకున్నాయి. ఒకటిలోంచి రెండు తీసి రెండు కలిపితే ఒకటి. రావలసింది సున్నా. నేను కూడా వేళ్ల మీద చూసుకున్నాను. గదిలో అప్పటిదాకా ఉన్న హాయి ఏ తలుపులోంచి వెళ్లిందో గాని వెళ్లిపోయింది.

"నాలుగో వరుస చెయ్యండి," అంది మా కోడలు.

"బోర్డు అయిపోయింది మేడమ్," అన్నాడు దీపస్తంభం. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. బోర్డు అడుగును చూసింది, తుడిచే గుడ్డను చూసింది, బోర్డు పక్కనున్న గోడను చూసింది. లేత పసుపు రంగు గోడ. తరువాత రెండడుగులు పక్కకు వేసి, నాలుగో వరుసను గోడ మీద రాసింది.

సున్నా.

దాని కింద అయిదో వరుస. ఒకటి. ఆరోది సున్నా. సుద్ద గోడ మీద సరిగ్గా పడక, కొన్నిచోట్ల గీసినచోటే మళ్లీ గీయాల్సి వచ్చింది. అలా ఆమె కిటికీ చట్రం దాకా రాసుకుంటూ వెళ్లి, అక్కడ ఆగి చేతులు దులుపుకుంది.

"ఇది ఎక్కడికి వెళుతోంది?"

"ఎక్కడికీ వెళ్లట్లేదు," అన్నారు వెనక నుంచి ఎవరో. "ఊయల ఊగుతోంది."

ఎవరన్నారో చూడాలని నా మెడ దానంతటదే తిరగబోయింది. కోడలి మాట గుర్తొచ్చి ఆపుకున్నాను.

తరువాతి వారాల్లో ఆ గోడ సంగతి చెప్పాలి. మరునాడు మేము వెళ్లేసరికి మా కోడలి దస్తూరి పక్కన ఇంకో దస్తూరి ఉంది. ఎవరో అదే సమీకరణాన్ని రుణ రెండుతో మొదలుపెట్టారు. అది ఊగలేదు. బుద్ధిగా నడిచి, మూడో వరుసకే అసలు జవాబు పక్కన చేరింది. దాని పక్కన ఇంకెవరో అరతో మొదలుపెట్టారు. ఆ అంకెలు ముందుకీ వెనక్కీ తిరిగి, కిటికీ దాటి, దారి తప్పినవాడు ఇల్లు వెతుక్కున్నట్టు తలుపు దగ్గర అదే జవాబుకు వచ్చి కుదురుకున్నాయి. సున్నాకు మరీ దగ్గరగా మొదలుపెట్టినవాళ్లందరూ ఊయలెక్కారు. ఒకే సమీకరణం, ఒకే పద్ధతి; ఎక్కడ నిలబడి మొదలుపెట్టావన్నదాన్ని బట్టి గమ్యం. ఇంత వయసొచ్చాక నేను నా భోజనాల బల్ల మీద పెన్సిల్‌తో పావు అనే అంచనాతో మొదలుపెట్టి, పళ్లెం పెట్టడానికి చోటు లేకుండా చేసి, శ్రీమతి చేత తిట్లు తిన్నాను.

అయితే అందరికీ అంత సరదాగా లేదు. బిల్డింగ్ సూపర్‌వైజరు గోడ పాడుచేస్తున్నారని ఫిర్యాదు రాశాడు. జవాబులు ఎక్కడ ఆగాలో తెలియడం లేదని పిల్లలు సణిగారు. లీడరు నడవాలో నన్ను పట్టుకుంది.

"తాతగారూ, మీరైనా చెప్పండి. ఇదివరకు పాఠం అయ్యేసరికి అంతా వచ్చేసినట్టుండేది. ఇప్పుడు ఏమీ రానట్టుంది. నాలుగో వరుసకి పరీక్షలో మార్కులుంటాయా అసలు?"

"పరీక్షల సంగతి నేనిప్పుడు చెప్పకూడదమ్మా. పదవిలో లేను."

"అబ్బ, మీరూ అంతే!" అని విసుక్కుంటూ వెళ్లింది. వెళ్లింది నేరుగా గోడ దగ్గరికేనని చెప్పడం న్యాయం.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా బల్ల దగ్గర కూర్చున్న వరుస మామూలే. కూర్చున్నవారి ముఖాలు మాత్రం మామూలుగా లేవు. పొద్దున హెడ్డుగారు ఫోను చేసి, నన్ను ఒక్క మాట చెప్పమన్నారు. ఆఖరు అభిప్రాయ పత్రాలు దగ్గర పడ్డాయి, అవయ్యేదాకా ఆ పాత మూడు వరుసల లెక్కలే చెప్పమనండి సార్, తరువాత ఆవిడిష్టం. ఆ సంగతి నేను ఉన్నదున్నట్టు అందరికీ చెప్పాను.

"కమిటీ అయ్యాక పైకప్పు మీద కూడా రాసుకో, నిచ్చెన నేను పట్టుకుంటాను," అన్నాడు మా అబ్బాయి భార్యతో. "నెల రోజులు ఓపిక పట్టలేవా?"

"నాకు నీ వరుసలూ గిరుసలూ తెలియవు అమ్మాయ్," అంది నా శ్రీమతి. "ప్రతి టర్ముకీ నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టొచ్చి, అన్నం సగంలో లేచిపోవడం మాత్రం తెలుసు. చేతిదాకా వచ్చిన ముద్ద. నోట్లో పెట్టుకోవడానికి ఏం మాయరోగం?"

"అత్తయ్యా, నీళ్లు సలసల కాగుతున్నాయని తెలిసి కూడా పిల్లాణ్ని స్నానానికి దింపుతామా?"

"దింపమన్నానా నేను? కమిటీ వెళ్లేదాకా పిల్లాణ్ని ఆడించమన్నాను!"

మా అబ్బాయికి నవ్వాగలేదు. కోడలికీ ఆగలేదు. ఆ నవ్వు అయ్యాక ఆమె నా వైపు తిరిగింది.

"రేపు వాళ్లు వంతెనలు కడతారు మామయ్యగారూ. లెక్క కుదరకుండానే మూత పెట్టేయడం నేర్చుకుని వెళితే, ఆ నేర్పింది నేనే. అది తెలియనంతకాలం వేరు, ఇప్పుడు తెలిసింది. మీరేమంటారు?"

ముగ్గురూ నన్నే చూస్తున్నారు.

"కమిటీలో నేను సభ్యుణ్ని కాను," అన్నాను. "నీకు మామగారిని. కనుక ఈ విషయంలో అభిప్రాయం చెప్పే అర్హత నాకు లేదు."

ఆమె ముఖం కొంచెం వాడింది.

"అయితే సందర్శకుడిగా నా అనుమతి టర్ము చివరిదాకా ఉంది," అన్నాను. "రేపు మళ్లీ పాత లెక్కలే చెప్పేటట్టయితే ముందే చెప్పు. అంత దూరం ఆ వానలో నేను రాను."

నా శ్రీమతి నుదురు కొట్టుకుంది. కోడలు లేచి వెళ్లి, ఎవరూ అడగకుండానే నాకు రెండో విడత కాఫీ తెచ్చింది.

పాత లెక్కలు చెప్పలేదు.

కమిటీ కూర్చున్న రోజు నేను ఆ భవనం ఛాయలకు పోలేదు. బంధువుల వ్యవహారం తేలేటప్పుడు అటువైపు నడవకపోవడం కనీస మర్యాద. ఇంట్లో టెలిఫోను పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. పదకొండు దాటాక మోగింది.

"సార్," అన్నారు హెడ్డుగారు, గొంతు తగ్గించి. "మార్కులు పడిపోయాయి. అయిదులన్నీ మూడులూ నాలుగులూ అయ్యాయి. ఇద్దరు ముగ్గురు ఒకటి కూడా వేశారు. అది కాదు గొడవ. వీళ్లు గడిలో ఆగలేదు సార్. అంచుల్లో రాశారు, అడ్డంగా రాశారు, వెనక వైపంతా రాశారు. మూడు గీతల్లో ఒక్కళ్లూ ఆగలేదు. అన్నీ ప్రశ్నలే. 'ఎప్పుడు ఆపాలో లెక్కే చెబుతుందా, మనం చెప్పాలా?' ఇలాంటివి. కమిటీకి బయటి నుంచి వచ్చిన మేడమ్ అవి చదువుతానంటోంది. మన రిజిస్ట్రారుగారేమో గడి వెలుపలివి పరిగణించకూడదని రూలుంది, మార్కులే చూడాలంటున్నారు. రూలు రాసింది మీరే కదా సార్? మీరే చెప్పండి, చదవచ్చా, చదవకూడదా?"

కిటికీ అవతల ఎండ కాస్తోంది. నా శ్రీమతి వంటగది గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో గరిటె కదలడం లేదు.

చదవకూడదు అంటే, నా నిబంధనకు నేను కట్టుబడినట్టు. చదవవచ్చు అంటే, నా కోడలి కోసం నా నిబంధన నేనే వంచినట్టు. రెండూ నాకు చేతకాని పనులని అప్పుడే తెలిసింది.

"నిబంధన నాదే," అన్నాను. "మా కోడలి విషయంలో దానికి అర్థం చెప్పే హక్కు నాకు లేదు. ఒక్క వాస్తవం మాత్రం మీ కమిటీకి చెప్పండి. ఆ వాక్యం రాసిననాటికి, రాసినవాడు ఆ గది గోడ చూసి ఉండలేదు."

"గోడా?"

"గోడ."

సాయంత్రం హెడ్డుగారే వచ్చారు. ఆ రోజు వానే లేదు, అయినా గొడుగు ఉంది. అదే కుర్చీ, అదే బల్ల చివర. మిగిలినదంతా ఆయన చెప్పినదే.

గోడేమిటని ఆ బయటి మేడమ్ అడిగిందట. చూపించక తప్పక అందరినీ ఆ గదికి తీసుకువెళ్లారట. ఆవిడ తలుపు దగ్గర మొదలుపెట్టి, రకరకాల దస్తూరీల్లో ఉన్న ఆ వరుసలన్నీ వెనక్కి చదువుకుంటూ, కిటికీ దాటి, బోర్డు దాకా వచ్చిందట. తరువాత మా కోడల్ని పిలిపించి, మొదటిసారి అయిదుకి అయిదు వచ్చాయే, ఇప్పుడెందుకు తగ్గాయని అడిగిందట.

"ఏం చెప్పావు?" అన్నాడు మా అబ్బాయి భార్యతో.

"మొదటిసారి మూడో వరుసలో ఆపేశామండీ అన్నాను."

"అంతేనా?"

"అంతే."

"ఆ ఒక్క మాటకి మేడమ్ నవ్వింది, రిజిస్ట్రారుగారు నవ్వలేదు," అన్నారు హెడ్డుగారు. "గంటసేపు వాదించుకున్నారు. ఆఖరికి తేలిందేమిటంటే..." అని ఆగి, గొడుగును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "శాశ్వతం చెయ్యలేదమ్మా. అలాగని ఇంకొకరినీ తీసుకోలేదు. ఇంకో టర్ము ఇదే పద్ధతిలో చెప్పించి, అప్పుడు మళ్లీ కూర్చుని చూస్తారట. వెనక రాసినవి కూడా చదువుతారట. గోడకి మాత్రం రంగు వేయించేస్తున్నారు."

కోడలు బల్ల అంచు మీద వేలితో ఏదో గీసింది.

"అదే గదా సార్?" అంది.

"అదే గది."

"తెర?"

"అదీ అంతే."

"సరే సార్," అంది. ఆ "సరే"లో నిరాశ ఉంది, కాదనను. దాని కింద ఇంకొకటి ఉంది, వానలో గొడుగు బయట ఆగిపోయిననాడు ఆమె ముఖంలో చూసినదే.

"అంటే ఇంకో టర్ము నాకీ గుండెదడ తప్పదన్నమాట," అంది నా శ్రీమతి. అని, కంచం ఆమె ముందుకు జరిపి, "ముందు అన్నం తిను. మళ్లీ సగంలో లేచావో, చూడు," అని బెదిరించింది. ఆ పూట మా కోడలు సగంలో లేవలేదు. ఆ తరువాత కూడా లేచినట్టు నాకు గుర్తు లేదు.

ఆ మొదటి ప్రశ్న రాసినవారెవరో మాకెవరికీ నేటికీ తెలియదు. నేను కనుక్కోగలిగేవాణ్ని. కనుక్కోలేదు.

ఇక మిగిలినది ఒక్కటే. ఆ వర్షాకాలంలో, నడవా చివరి తరగతి గదిలో, చివరి బెంచీలో సందర్శకుడి హోదాలో హాజరై, జరిగినది కళ్లారా చూసినవాడిగా నేను ఈ క్రింది విషయాన్ని నమోదు చేస్తున్నాను. గణిత విభాగపు తాత్కాలిక అధ్యాపకురాలు, మా కోడలు, తన విద్యార్థులందరూ తనకు నిండు మార్కులు వేసి ఉండగా, తన ఉద్యోగం ఖాయం కావడానికి ఏమీ చేయకుండా ఊరుకోవడమొక్కటే అవసరమై ఉండగా, పేరు లేని ఒకే ఒక్క ప్రశ్నకు జవాబుగా, నాలుగో వరుసను గోడ మీద రాసింది. అది నా సమక్షంలో జరిగిందని ఇందుమూలంగా ధ్రువీకరిస్తూ, ఆమెకు నా కృతజ్ఞతను సవినయంగా తెలియజేస్తున్నాను.